ఓటీపీ వచ్చిందేటి?

కోటబొమ్మాళిలో నెట్ సెంటర్ గుమ్మం ముందు, టెక్కలిలో బ్యాంకు మెట్ల మీద, పలాసలో ఫోన్ల షాపు కౌంటరు దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఈ ప్రశ్న చెవిన పడుతుంది: ‘‘ఓటీపీ వచ్చిందేటి?’’ అడిగే మనిషి ఒకచోట ఉంటాడు, ఫోను ఇంకోచోట మోగుతుంది. ఖతర్‌లో వెల్డింగు పని చేసే భర్త తన బ్యాంకు ఖాతా తెరవబోతే, ఆ ఆరంకెలు కవిటిలో భార్య చేతిలో ఉన్న సిమ్ముకి వస్తాయి. హైదరాబాద్‌లో కూర్చుని కొడుకు తల్లి ఆధార్ మీద దరఖాస్తు నింపుతుంటాడు. ఆమె జీడితోటలోంచి ఫోనెత్తి, కళ్లజోడు ఇంటి దగ్గర మరిచి, పక్కింటి పిల్ల చేత చదివిస్తుంది. ఈలోగా గడువు అయిపోతుంది. మళ్లీ పంపమనాలి, మళ్లీ చదివించాలి. 2025 జులై నుంచి ఆన్‌లైన్‌లో తత్కాల్ టిక్కెట్టు తీయాలన్నా ఆధార్ ఓటీపీ ఉండాల్సిందే. చెన్నైకో, హైదరాబాద్‌కో పనికి పోయే కూలీలు పలాస స్టేషన్‌లో రైలెక్కే ముందు ఈ ఆరంకెలను దాటి రావాలి.

విసుక్కునేవాళ్లతో ‘నీ భద్రత కోసమే కదా’ అనడం తేలిక. ఆ మాటలో నిజం ఉంది కానీ పూర్తి నిజం లేదు. రెండో తనిఖీ వెనకున్న శాస్త్రం గట్టిదే. దాన్ని అమర్చినవాళ్ల ఊహలో మాత్రం మనిషికొక ఫోను, ఫోనుకొక నంబరు, ఆ నంబరు పగలూ రాత్రీ చేతిలోనే ఉన్నట్టు లెక్క. శ్రీకాకుళం తీరంలోని ఈ ఉద్దానంలో కుటుంబం అలా బతకదు. ఇక్కడ ఒకరి పని ఒకరు చేసిపెడతారు, ఒకరి ఫోను ఇంకొకరు ఎత్తుతారు. మన చిరాకంతా ఈ తేడాలోంచే పుడుతోంది.

రెండో తనిఖీ మనకు కొత్త కాదు. ఏటీఎంలో డబ్బు తీసినవాళ్లందరికీ అది అలవాటే. కార్డు చేతిలో ఉండాలి, పిన్ మనసులో ఉండాలి. కార్డు దొరికినవాడికి పిన్ తెలియదు, పిన్ చూసినవాడి దగ్గర కార్డు ఉండదు. మనిషిని గుర్తుపట్టడానికి యంత్రాలు అడిగే ఆధారాలు మూడు రకాలు. ఒకటి మనకు తెలిసినది, పాస్‌వర్డ్ లాంటిది. రెండోది మన దగ్గరున్నది, సిమ్ము, కార్డు లాంటిది. మూడోది ఒంటితో వచ్చినది, అంటే వేలిముద్ర, కనుపాప, ముఖం. వీటిలో ఏ రెండు అడిగినా అది రెండంచెల ధ్రువీకరణే. అయితే ఆ రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. పాస్‌వర్డ్ బయటపడే అవకాశం నూటికి ఒకటి, ఫోను దొంగల పాలయ్యే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. రెండూ ఒకే దొంగకు దక్కే అవకాశం పదివేలకు ఒకటికి పడిపోతుంది. సంభావ్యతలను హెచ్చవేసినప్పుడు వచ్చే లాభమిది. కానీ పాస్‌వర్డ్‌ను ఫోనులోనే దాచుకుని, ఓటీపీ కూడా ఆ ఫోనుకే వచ్చేలా పెట్టుకుంటే ఈ హెచ్చవేత చెల్లదు. స్క్రీన్ లాక్ లేని ఫోను పోతే రెండు ఆధారాలూ ఒక్కసారే పోయినట్టు.

రెండో తనిఖీని తప్పనిసరి చేయడానికీ బలమైన కారణమే ఉంది. ఒకే పాస్‌వర్డ్‌ను పదిచోట్ల వాడతాం. ఎక్కడో ఒక వెబ్‌సైటు నుంచి అది బయటికి పొక్కితే, మిగతా తొమ్మిది చోట్లా పెట్టి చూడటం దొంగల ప్రోగ్రాములకు క్షణాల పని. ఇంటర్నెట్‌లో కార్డుతో చెల్లించేవాళ్లకు అదనపు ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఫిబ్రవరిలోనే ఆదేశించింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి అమలు చేసింది. చాలా దేశాలు అప్పటికి దాన్ని తప్పనిసరి చేయలేదు. ఆపిల్ 2015లో తెచ్చిన ఏర్పాటులో, ఒకసారి రెండంచెల పద్ధతిలోకి వెళ్లి రెండు వారాలు గడిస్తే వెనక్కి తిప్పుకోవడానికి వీల్లేదు. గూగుల్ 2021లో 15 కోట్ల మందిని అడక్కుండానే ఈ పద్ధతిలోకి చేర్చింది. ఆ ఖాతాలు పరులపాలవడం సగానికి తగ్గిందని తర్వాత ప్రకటించింది.

ఆ గూగుల్‌దే 2019 నాటి పరిశోధన ఒకటి నాకు ఇంకా ముఖ్యంగా అనిపిస్తుంది. ఎస్సెమ్మెస్ కోడు ఉంటే ప్రోగ్రాములు చేసే దాడులన్నీ ఆగాయి. మూకుమ్మడిగా వల విసిరే మోసాల్లో 96 శాతం ఆగాయి. ఒక మనిషిని ఎంచుకుని చేసే దాడుల్లో మాత్రం ఆగినవి 76 శాతమే. అదే సందర్భంలో ఇంకో లెక్క కూడా చెప్పారు. ఒక ప్రయోగంలో కోడు అడిగిన సమయానికి 38 శాతం మంది దగ్గర ఫోను అందుబాటులో లేదు. వాళ్లు దొంగలు కాదు, ఖాతాల అసలు యజమానులు. దొంగను ఆపిన లెక్కను కంపెనీలు గర్వంగా చెబుతాయి. యజమాని తన ఖాతా బయటే నిలబడిపోయిన లెక్కనూ అదే వరుసలో వేయాలి.

ఆ కోడు మన దాకా వచ్చే దారి చూస్తే, ఎందుకు ఆలస్యమవుతుందో తెలుస్తుంది. బ్యాంకు కంప్యూటరు ఆరంకెలతో వీలయ్యే పది లక్షల కోడుల్లోంచి ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుతుంది. మూడుసార్లకు మించి ప్రయత్నించనివ్వకపోతే, ఊహించి కొట్టేవాడికి దక్కేది పది లక్షల్లో మూడు అవకాశాలు. ఆ కోడు సందేశాలు పంపే ఏజెన్సీకి వెళ్తుంది, అక్కడి నుంచి టెలికాం కంపెనీకి. పంపినవారి పేరు, సందేశం నమూనా ముందే నమోదై ఉన్నాయా అని అక్కడ సరిచూస్తారు. 2021 మార్చి 8న ఈ సరిచూపు దేశమంతటా ఒక్కసారిగా మొదలుపెడితే ఓటీపీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని వారంపాటు నిలిపివేయాల్సి వచ్చింది. సరిచూపు దాటాక సందేశం ఒక నిల్వ కేంద్రంలో కూర్చుంటుంది. ఈ సిమ్ము ఇప్పుడు ఏ టవరు పరిధిలో ఉందని ఆ కేంద్రం వాకబు చేస్తుంది. ఫోను పలికితే పంపుతుంది, పలకకపోతే దాచి, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది.

1992 డిసెంబరులో తొలి ఎస్సెమ్మెస్‌గా క్రిస్మస్ శుభాకాంక్షలు పంపిన నాటి నుంచీ దాని స్వభావం ఇదే. ఎప్పటికో ఒకప్పటికి చేరుతుంది, ఇన్ని నిమిషాల్లో చేరుతుందన్న హామీ లేదు. కోడుకేమో నిమిషాల్లో గడువు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ‘మళ్లీ పంపు’ అని మూడుసార్లు నొక్కితే మూడు కోడులూ ఆలస్యంగా, వరస తప్పి దిగుతాయి. కొత్త కోడు పుట్టగానే పాతది చెల్లకుండా చేసే వ్యవస్థలే ఎక్కువ. మనం మొదట దిగినదాన్ని కొడతాం, తప్పంటుంది. మూడుసార్లు తప్పితే ఖాతాకు తాళం పడుతుంది. అలాంటప్పుడు ఒక్కసారే నొక్కి, ఓపిగ్గా ఆగడం మేలు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు కూకటివేళ్లతో పడిపోయాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, రోజుల తరబడి ఊళ్లు చీకట్లో ఉన్నాయి. సెల్ టవరు కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే బ్యాటరీ మీద, ఆ తర్వాత డీజిలు మీద నడవాలి. చెట్లు పడి దారులు మూసుకుపోతే ఆ డీజిలూ చేరదు. డబ్బు అత్యవసరమయ్యే రోజున ఎస్సెమ్మెస్ మీద ఆధారపడిన ధ్రువీకరణ ముందుగా చేతులెత్తేస్తుంది. తడిసి పాడైన సిమ్ముకు బదులు కొత్తది తీసుకుంటే, ఇప్పుడున్న నిబంధన ప్రకారం 24 గంటలపాటు దానికి సందేశాలు రావు. 2022లో టెలికాం శాఖ పెట్టిన ఈ కట్టుబాటు మంచి ఉద్దేశంతో పెట్టినదే. మన పేరు చెప్పి నకిలీ సిమ్ము తీసే దొంగకు ఆ ఒక్క రోజు అడ్డుపడుతుంది. తుపాను బాధితుడికీ అదే రోజు అడ్డుపడుతుంది.

నంబరు మనదన్న నమ్మకం కూడా అంత గట్టిది కాదు. ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ సిమ్మును 90 రోజులు ఏ రకంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. 20 రూపాయల నిల్వ ఉంటే ఇంకో 30 రోజులు గడుస్తుంది. రద్దయిన నంబరును మరో 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చు. శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తున్న మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయింది. వాళ్లు వాఘా దాటి వచ్చింది 2020 జనవరిలో. ఏడాది దాటి రెండో నెల. వాళ్ల ప్రాణాలతో పోలిస్తే సిమ్ము ఒక లెక్కలోది కాదు. అయినా ఒక్కటి ఆలోచించాలి: మనిషి తన తప్పు లేకుండానే అంతకాలం ఫోనుకు దూరమయ్యే బతుకులు ఈ తీరంలో ఉన్నాయి. 90 రోజుల గడువు పెట్టినప్పుడు అలాంటి బతుకు ఎవరి మనసులోనూ ఉండి ఉండదు.

పాత నంబరు కొత్తవాళ్లకు వెళ్తే ఏమవుతుందో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో కెవిన్ లీ, అరవింద్ నారాయణన్ 2021లో పరీక్షించారు. అమెరికాలో మళ్లీ అమ్మకానికి పెట్టిన 259 నంబర్లను చూస్తే, 171 నంబర్లకు పాత యజమానుల ఖాతాలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. కొత్త సిమ్ము కొన్నవాడు తలుచుకుంటే ఆ ఖాతాల కోడులు అతడికే వస్తాయి.

పోనీ ఫోను వద్దు, వేలిముద్రే మేలు అనుకుందామా? పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ల చేతులను చూసి ఆ మాట అనాలి. జీడిపిక్క పెంకులో ఉండే నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే రసాయనాలుంటాయి. అవి చర్మాన్ని కాలుస్తాయి, పై పొరను ఊడదీస్తాయి. వేలిముద్ర యంత్రం చూసేది వేలిమీది గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ చీలింది అన్నదే. గీతలే అరిగిపోయిన వేలిలో దానికేమీ దొరకదు. యంత్రం ‘సరిపోలలేదు’ అంటుంది. ఏళ్లపాటు కష్టపడినందుకే ఆమె తాను తానేనని నిరూపించుకోలేకపోతుంది. కనుపాప, ముఖం గుర్తింపులను అదనంగా చేర్చడం ఇలాంటి చేతులకు న్యాయం.

వేలిముద్రకు ఇంకో లోపముంది, పాస్‌వర్డ్‌లా దాన్ని మార్చుకోలేం. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ముల వ్యాపారి రిజిస్ట్రేషన్ పత్రాలను ఇంటర్నెట్ నుంచి దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలకు నకళ్లు చేసి, ఇతరుల పేర్ల మీద సిమ్ములు తీశాడు. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతిలోనూ ఇదే ప్రమాదం. అక్కడ అడిగేది ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. మొదటి రెండూ రహస్యాలు కావు. మిగిలిన ఒక్క వేలే మొత్తం భారం మోస్తుంది. 2023 ఫిబ్రవరి నుంచి ఆధార్ సంస్థ గీతల అమరికతో పాటు వేలి చిత్రాన్నీ పరిశీలించి, అది ప్రాణమున్న వేలా, అచ్చా అని చూస్తోంది. ఆ తర్వాత కూడా, ఆధార్ వెబ్‌సైటులోకో యాప్‌లోకో వెళ్లి, వాడుకోనప్పుడు బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోవడం మంచి అలవాటే.

ఓటీపీ గురించి నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇప్పుడు. అది నోటితో చెప్పగలిగిన ఆధారం. కార్డును ఫోనులో పంపలేం, వేలిని పంపలేం. ఆరంకెలను మాత్రం ఒక ఊపిరిలో చెప్పేయవచ్చు. ఖతర్ భర్తకు కవిటి భార్య తోడుపడేది దీనివల్లే. నెట్ సెంటర్ కుర్రాడు ఊరందరి పనులూ చేసిపెట్టేది దీనివల్లే. దూరాన ఉన్న మనవాళ్లను కలిపే ఈ సదుపాయమే మోసగాడికీ దారి. ‘బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ కేవైసీ ఆగిపోయింది, వచ్చిన నంబరు చెప్పండి’ అనేవాడు మన కొడుకు అడిగిన మాటనే అడుగుతాడు. కోడు రుజువు చేసేది ఈ సిమ్ము ఒకరి చేతిలో ఉందన్న సంగతి మాత్రమే. దాన్ని ఎవరి చెవిన వేశామో, ఎందుకు వేశామో దానికి తెలియదు. అందుకే ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అన్న హెచ్చరిక మన ఊళ్లలో నిలవదు. రోజూ ఇంట్లోవాళ్లకు చెప్పక తప్పనిదాన్ని ఎవరికీ చెప్పొద్దంటే ఎవరు పాటిస్తారు? ‘నువ్వే ఫోన్ చేసిన మనవాళ్లు అడిగితే చెప్పొచ్చు, నీకు ఫోన్ చేసి ఎవరైనా అడిగితే చెప్పొద్దు’ అంటే అమ్మకు సులువుగా అర్థమవుతుంది, పాటించడానికీ వీలవుతుంది. తెలిసిన గొంతయినా సరే, ఒకసారి పెట్టేసి మనమే తిరిగి చేయాలి.

ఫోను ఖాతాల దగ్గర చిక్కు ఇంకో రకంగా ఉంటుంది. తొలి స్మార్ట్‌ఫోను కొన్నప్పుడు జీమెయిల్‌ను షాపువాళ్లే తెరిచిచ్చిన ఇళ్లు ఇటు చాలా ఉన్నాయి. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ అప్పుడు రాలేదు. ఫోను పోయిన రోజున కొత్త ఫోనులో ఆ ఖాతా తెరవబోతే, ‘మీ పాత ఫోనులో సరే నొక్కండి’ అంటుంది. పోయిందే అది. దానితోపాటు పిల్లల ఫొటోలు, కాంటాక్టులు, అన్నీ ఆ ఖాతాలోనే ఉంటాయి. దరఖాస్తుల్లో నెట్ సెంటర్ నంబరే రాయించినవాళ్ల సంగతి ఇంకా కష్టం. రెండేళ్ల తర్వాత మార్కుల జాబితా కోసమో, స్కాలర్‌షిప్ కోసమో లాగిన్ కాబోతే కోడు ఆ సెంటర్ కుర్రాడికి వెళ్తుంది. అతను సెంటర్ మూసేసి విశాఖ వెళ్లిపోయి ఉంటాడు.

టవరుతో పనిలేని పద్ధతి ఉంది, మనవాళ్లకు అది చేరలేదు. అథెంటికేటర్ యాప్‌లు వాడే లెక్క 2011లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది. మొదటిసారి క్యూఆర్ కోడును చూపినప్పుడు ఒక రహస్య సంఖ్య ఫోనులోకి వస్తుంది, అదే సంఖ్య సర్వరులోనూ ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి ఎన్ని ముప్పై సెకన్లు గడిచాయో రెండు వైపులా లెక్కిస్తాయి. ఉదాహరణకు 2025 జనవరి 1 ఉదయం మన గడియారంలో 5.30కి ఆ లెక్క 5,78,56,320. ఈ సంఖ్యనూ రహస్యాన్నీ కలిపి ఒక గణిత సూత్రంలో వేసి, వచ్చినదాంట్లోంచి ఆరంకెలు తీస్తాయి. ఇద్దరూ ఒకే లెక్క చేశారు కాబట్టి ఒకే జవాబు వస్తుంది. మధ్యలో ఏ సందేశమూ నడవదు. సముద్రం మధ్యలో బోటు మీదైనా, తిత్లీ లాంటి తుపాను రాత్రయినా, ఫోనులో గడియారం సరిగ్గా ఉంటే కోడు కనబడుతుంది. సిమ్ము రద్దయినా దీనికేమీ కాదు. లాగిన్ కావడానికి ఇంటర్నెట్ ఎలాగూ కావాలి. కానీ ఎక్కడో ఒకచోట వైఫై దొరికితే పని జరుగుతుంది, సొంత నంబరు మోగాల్సిన పనిలేదు.

పాస్‌కీ ఇంకో మెట్టు పైది. దాని ప్రమాణం 2019లో ఖరారైంది. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ 2022 నుంచి దాన్ని ముందుకు తెస్తున్నాయి. ఫోను ఒక జంట తాళంచెవులను పుట్టిస్తుంది. ఒకటి వెబ్‌సైటుకు ఇస్తుంది, రెండోదాన్ని వెబ్‌సైటుకు ఎప్పుడూ చూపదు. లాగిన్ సమయంలో వెబ్‌సైటు ఒక లెక్క ఇస్తే, దాచుకున్న తాళంచెవితో ఫోను సంతకం చేసి పంపుతుంది. ఆ సంతకంలో వెబ్‌సైటు అసలు చిరునామా కూడా కలిసి ఉంటుంది. అందువల్ల నకిలీ వెబ్‌సైటుకు అది పనికిరాదు. వృద్ధురాలిని ఎంత భయపెట్టినా మోసగాడికి నోటితో చెప్పించుకోవడానికి అక్కడ అంకెలే ఉండవు.

భద్రతపరంగా నాకిదే నచ్చుతుంది. కానీ మోసగాడికి చెప్పలేనిది కొడుక్కీ చెప్పలేం. ఖతర్ భర్త కోసం కవిటి భార్య ఇక ఏమీ చేయలేదు. ఆమె చేసే సాయాన్ని ఇన్నాళ్లూ ఏ వ్యవస్థా గుర్తించలేదు. అది ఓటీపీ సందులోంచి దొంగచాటుగా సాగింది. సందు మూస్తే సాయమూ ఆగుతుంది. కాబట్టి సందు మూసేవాళ్లు ముందు తలుపు పెట్టాలి.

అలాంటి తలుపు ఒకటి వచ్చింది. 2024 ఆగస్టులో ప్రకటించిన యూపీఐ సర్కిల్‌లో, ఖాతా ఉన్న మనిషి తన నమ్మకస్తుల్లో ఐదుగురి వరకు చేర్చుకోవచ్చు. ఒక పద్ధతిలో వాళ్లు చెల్లింపు మొదలుపెడితే ఇతను తన పిన్‌తో సరేనంటాడు. ఇంకో పద్ధతిలో నెలకు 15 వేల రూపాయల లోపు వాళ్లే నేరుగా చెల్లించవచ్చు. ఎవరికీ పిన్ చెప్పనక్కర్లేదు. ఎవరు ఎంత ఖర్చుపెట్టారో విడిగా కనబడుతుంది. నమ్మకం తప్పితే ఆ మనిషిని తీసేయవచ్చు. ‘నా తరఫున ఈమె చేస్తుంది, ఇంతవరకే చేస్తుంది’ అని చెప్పే వీలు డబ్బుకు దొరికింది. ఆధార్‌కు, పింఛనుకు, రైలు టిక్కెట్టుకు, ఫోను ఖాతాకు కూడా ఆ వీలు అంతే స్పష్టంగా, తెలుగులో, తొలి రోజే అడిగి పెట్టాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలు రెండు ఆధారాలు కావాలంటూనే, ఎస్సెమ్మెస్ ఒక్కటే దారి కాదంటున్నాయి. బ్యాంకు నిబంధన పాటించక నష్టం తెస్తే ఖాతాదారుకు మొత్తం చెల్లించాలనీ అంటున్నాయి. తప్పనిసరి చేసినవాడి మీద బాధ్యత పెట్టడమంటే ఇది. ఫోను కంపెనీల ఖాతాలకూ ఇలాంటి బాధ్యత రావాలి. ఖాతా పోగొట్టుకున్న మనిషి తన భాషలో మరో మనిషితో మాట్లాడే నంబరు ఒకటి ఉండాలి.

అంతదాకా మన చేతిలో ఉన్నవి కొన్ని. విదేశం వెళ్లేవాడు ముంబయి రైలెక్కక ముందే ఊరి సిమ్ముకు మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్ వేయించుకోవచ్చు. అలాంటివి 365 రోజుల దాకా ఉండవచ్చని ట్రాయ్ 2024 డిసెంబరులో చెప్పింది. ఖాతాను ప్రవాసుల ఖాతాగా, అంటే ఎన్‌ఆర్‌ఈగానో ఎన్‌ఆర్‌ఓగానో మార్చుకుంటే ఖతర్, సౌదీ, ఒమన్, యూఏఈ, సింగపూర్ నంబర్ల మీదే యూపీఐ నడుస్తుంది. ఆధార్‌లో పాత నంబరు ఉంటే, దాన్ని ఇంటి దగ్గరే మార్చే సేవ పోస్ట్‌మ్యాన్ దగ్గర 2021 నుంచి ఉంది. షాపువాళ్లు తెరిచిన జీమెయిల్‌కు ఫోను చేతిలో ఉండగానే కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఇంట్లో ఇంకొకరి నంబరు జతచేసి, గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడులను కాగితం మీద రాసుకోవాలి. ఒక్కో కోడులో ఎనిమిదంకెలు, ఒక్కొక్కటి ఒక్కసారే చెల్లుతుంది. ఆ కాగితాన్ని ఫోను కవరులో పెట్టొద్దు, పట్టాదారు పాసుపుస్తకం ఉన్న పెట్టెలో పెట్టాలి. ఎవరైనా మాయమాటలతో కోడు చెప్పించుకున్నారని తెలిస్తే, ఆ నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాలోకి దాటిపోకముందు చేస్తేనే దాన్ని ఆపడానికి వీలుంటుంది.